తాబేలు కరిస్తే వేలు తెగిపోతుందా?

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలిలో వానలు పడ్డాయంటే ఖాడీలు నిండుతాయి. సూరత్‌లో వాగులను, కాలువలను ఖాడీలనే అంటారు. నీళ్లు గట్టు దాటిన రోజుల్లో పాములు, కప్పలతో పాటు తాబేళ్లు కూడా రోడ్ల మీదికి, మగ్గాల షెడ్ల ముందుకు, అపార్ట్‌మెంట్ల పార్కింగుల్లోకి వస్తుంటాయి. గుజరాతీలో తాబేలును కాచ్‌బో అంటారు. కాచ్‌బో కనిపించిన చోట నిమిషాల్లో జనం పోగవుతారు, ఫోన్లు బయటికి వస్తాయి. ఆ గుంపులో సాధారణంగా రెండు రకాల మనుషులుంటారు. ఒకరు "దగ్గరికి పోకండి, వేలు కొరికేస్తుంది, పట్టిందంటే వదలదు" అని కర్ర తీస్తారు. మరొకరు "తాబేలే కదా, ఏం చేస్తుంది, ఇంట్లో పెట్టుకుంటే అదృష్టం" అని చేత్తో ఎత్తబోతారు. ఇద్దరికీ తాబేలు గురించి తెలిసింది సగమే. మొదటివారి భయం తాబేలు ప్రాణం మీదికి వస్తుంది. రెండోవారి ధీమా ఇంట్లోని పసిపిల్లల ఆరోగ్యం మీదికి వస్తుంది.

మొదటి భయం చాలావరకు మన నదులది కాదు. అది ఫోన్లలోకి వచ్చిన అమెరికా వీడియోలది. పుచ్చకాయను పగలగొట్టే తాబేలు, పెన్సిలును పుటుక్కున విరిచే తాబేలు, మొక్కజొన్న కంకిని రెండు ముక్కలు చేసే తాబేలు. కోట్ల మంది చూసిన ఈ వీడియోల్లో ఉండేవి స్నాపింగ్ తాబేళ్లు. వీటికి తెలుగు పేరు లేదు, ఉండాల్సిన అవసరమూ ఇన్నాళ్లూ రాలేదు. ఎందుకంటే అవి భారతదేశానికి చెందినవి కావు.

వీడియోలో ఉన్నది ఎవరి తాబేలు?

స్నాపింగ్ తాబేళ్లలో ముఖ్యంగా రెండు రకాలు వార్తల్లో ఉంటాయి. మొదటిది సాధారణ స్నాపింగ్ తాబేలు. కెనడా దక్షిణ ప్రాంతాల నుంచి అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికో వరకు చెరువుల్లో, మడుగుల్లో, నెమ్మదిగా పారే నదుల్లో ఉంటుంది. ఎదిగినవి ఎక్కువగా 5 నుంచి 15 కిలోల మధ్య తూగుతాయి. మొసలి తోకలా రంపపు పళ్లున్న పొడవాటి తోక దీని ఆనవాలు. రెండోది అలిగేటర్ స్నాపింగ్ తాబేలు. ఇది గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసే నదుల్లో మాత్రమే ఉంటుంది. వీపు మీద మూడు వరుసల ముళ్ల గుబ్బలు, కొక్కెంలా వంగిన ముక్కు, బండలాంటి తల. మగవాటిలో 80 కిలోలు దాటినవి ఉన్నాయి. ఇది నది అడుగున నోరు తెరుచుకుని కదలకుండా కూర్చుంటుంది. నాలుక మీద వానపాములా మెలికలు తిరిగే ఎర్రటి కండ ఒకటి ఉంటుంది. దాన్ని చూసి చేప నోట్లోకి రాగానే దవడలు మూసుకుంటాయి. గాలం వేసి కూర్చునే జాలరి ఎంత ఓపికగా ఉంటాడో ఇదీ అంతే. మనిషి వెంటపడి కరిచే జంతువు జీవనం ఇలా ఉండదు.

అయినా దీని చుట్టూ అల్లుకున్న కథలకు లెక్క లేదు. "ఒకసారి పట్టిందంటే ఉరుము ఉరిమేదాకా వదలదు" అనేది అమెరికా పల్లెల్లో పాత మాట. విచిత్రమేమిటంటే జపాన్‌లో కూడా అక్కడి మెత్తటి చిప్ప తాబేలు గురించి సరిగ్గా ఇదే మాట చెప్పుకుంటారు. తెలుగువారు ఆ ఖ్యాతిని ఉడుముకు కట్టబెట్టి ఉడుంపట్టు అన్నారు. ఈ మాటల వెనుక కాస్త నిజం లేకపోలేదు. భయపడ్డ తాబేలు కరిచినప్పుడు కొంతసేపు పట్టు సడలించదు. మనిషి చేతిని గుంజేకొద్దీ ఇంకా బిగిస్తుంది. ఉరుముకు మాత్రం దానితో ఏ సంబంధమూ లేదు. గుంజకుండా నీళ్లలోకి దించితే పారిపోయే దారి దొరికిందని ఎక్కువసార్లు తనే వదిలేస్తుంది.

కొరుకుడు బలం లెక్క

ఇంటర్నెట్‌లో తరచూ కనిపించే అంకె ఒకటుంది. స్నాపింగ్ తాబేలు చదరపు అంగుళానికి 1000 పౌండ్ల ఒత్తిడితో కొరుకుతుందట. అంకె పెద్దగా ఉంటే నమ్మకమూ పెద్దగా ఉంటుంది కాబట్టి అది ఒక చోటి నుంచి మరో చోటికి పాకుతూ పోయింది. కొలిచి చూసినవారి మాట వేరుగా ఉంది. ఆంథొనీ హెరెల్, ఆయన సహచరులు పలు జాతుల తాబేళ్ల చేత బలాన్ని కొలిచే పరికరాన్ని కొరికించి, ఆ ఫలితాలను 2002లో ప్రచురించారు. అందులో సాధారణ స్నాపింగ్ తాబేలు కొరుకుడు బలం సగటున 209 న్యూటన్లు. భయంకరమని పేరుపడ్డ అలిగేటర్ స్నాపింగ్ తాబేలుది 158 న్యూటన్లు. ఆ జాబితాలో అన్నిటికంటే గట్టిగా కొరికింది, 432 న్యూటన్లతో, దక్షిణ అమెరికాకు చెందిన పెద్ద తల తాబేలు ఒకటి. దాని గురించి ఎవరూ వీడియోలు తీయలేదు.

209 న్యూటన్లంటే సుమారు 21 కిలోల బరువు మోపినంత బలం. మనిషి దవడ పళ్ల మధ్య కొలిచే బలం సాధారణంగా దీనికి రెండు మూడు రెట్లు ఉంటుంది. చెరకు గడను పళ్లతో చీల్చి తినే ఏ కుర్రాడైనా బలంలో స్నాపింగ్ తాబేలును ఓడించగలడు. పరీక్షించినవి ఆ జాతుల్లోని అతిపెద్ద జీవులు కావన్నది గుర్తుంచుకోవాలి. తల పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, కాబట్టి 80 కిలోల తాబేలు ఇంతకంటే చాలా గట్టిగానే కొరుకుతుంది. అయినా ఊరూరా తిరిగే ఆ 1000 అంకెకు పునాది మాత్రం ఇక్కడ దొరకదు.

అసలు ఆ అంకెలో ఉన్న తిరకాసు వేరు. బలం ఒకటి, ఒత్తిడి మరొకటి. చీరకు పెట్టే పిన్నును వేలితో మెల్లగా నొక్కినా గుచ్చుకుంటుంది, అదే బలంతో చెంచా వెనుక వైపు నొక్కితే ఏమీ కాదు. బలం మారలేదు, అది పడిన వైశాల్యం మారింది. పై 209 న్యూటన్ల బలాన్ని తాబేలు ముక్కు అంచున 0.3 చదరపు సెంటీమీటర్ల మేర మాత్రమే తగిలిందనుకుని లెక్కవేస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 70 కిలోలు వస్తుంది. అంగుళాల లెక్కలో అది దాదాపు 1000 పౌండ్లే! అదే బలం 3 చదరపు సెంటీమీటర్ల మీద పడిందనుకుంటే అంకె 100కు పడిపోతుంది. ఎంత వైశాల్యమో చెప్పకుండా ఒత్తిడి అంకె ఒక్కటే చెబితే జంతువు గురించి తెలిసేది ఏమీ ఉండదు.

తాబేలుకు పళ్లు లేవు. గోళ్లలో ఉండే కెరాటిన్ అనే పదార్థంతోనే తయారైన గట్టి అంచు దాని రెండు దవడలకూ ఉంటుంది, చిలుక ముక్కులాగా. దవడను మూసే కండరం కూడా మన దాంట్లా తిన్నగా దిగదు. తాబేళ్లలో ఎక్కువ రకాలకు ఆ కండరపు తాడు చెవి దగ్గరున్న ఎముక గుబ్బ మీదుగా వంగి కింది దవడను చేరుతుంది. బావి గిలక మీదుగా చేంతాడు వంగినట్టన్నమాట. తల లోపల చోటు తక్కువగా ఉన్నా పొడవైన కండరం ఇమడడానికి ఈ అమరిక వీలు కల్పిస్తుంది. కాబట్టి కాటు తేలిక విషయం కాదు. చర్మం చీలుతుంది, రక్తం వస్తుంది, బాగా నొప్పి పెడుతుంది. అలిగేటర్ స్నాపింగ్ తాబేలు కాటుకు వేలు తెగిన ఒక కౌమార బాలుడి ఉదంతం 2016లో అమెరికా వైద్య పత్రిక ఒకదానిలో నమోదైంది. అంటే అలా జరగడం అసాధ్యం కాదు. కానీ ఒక వైద్య పత్రిక దాన్ని ప్రత్యేకంగా ప్రచురించిందంటేనే అది ఎంత అరుదో అర్థమవుతుంది. రోజూ జరిగే వాటిని పత్రికలు ఒక్కొక్కటిగా రాయవు.

చావుల సంగతికి వస్తే స్నాపింగ్ తాబేలు కాటు వల్ల మనిషి మరణించినట్టు నిర్ధారణ అయిన ఉదంతం వైద్య సాహిత్యంలో కనిపించదు. తాబేలు వల్ల చనిపోయాడని చరిత్ర చెప్పుకునే పేరు ఒక్కటే, ప్రాచీన గ్రీకు నాటకకర్త ఎస్కిలస్. గద్ద ఒకటి ఆయన బట్టతలను బండ అనుకుని తాబేలును పైనుంచి జారవిడిచిందని కథ. అది నిజమో కాదో గానీ, అందులోనూ తప్పు గద్దదే. పోలిక కోసం మన దేశపు లెక్క ఒకటి చూడవచ్చు. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాము కాట్ల వల్ల ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వానాకాలం రాత్రి అమ్రోలి వీధిలో నడిచేవారు టార్చి వేసుకోవాల్సింది పాముల కోసం.

నీళ్లలో ఒక తీరు, గట్టు మీద ఇంకో తీరు

స్నాపింగ్ తాబేలుకు కోపిష్టి అన్న పేరు ఎందుకొచ్చింది? సమాధానం దాని పొట్ట కింద ఉంది. మామూలు తాబేళ్లకు పొట్ట వైపు చిప్ప వెడల్పుగా ఉంటుంది, ముప్పు వస్తే తల, కాళ్లు లోపలికి లాక్కుంటాయి. స్నాపింగ్ తాబేలుకు అక్కడ శిలువ ఆకారంలో సన్నని పలక మాత్రమే ఉంటుంది. తల, కాళ్లు పూర్తిగా లోపలికి పోవు. దాక్కునే వీలు లేని జంతువు ఎదురుతిరుగుతుంది. నీటిలో ఉన్నప్పుడు దానికి ఆ ఇబ్బంది లేదు. మనిషి అలికిడి కాగానే ఈదుకుంటూ పోతుంది, లేదా బురదలోకి దిగిపోతుంది. ఈతగాళ్లను వెతుక్కుంటూ వచ్చి కరవదు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కినప్పుడు, రోడ్డు దాటుతున్నప్పుడు, నెమ్మదిగా కదిలే ఆ బరువైన శరీరానికి పరుగు చేతకాదు. అప్పుడు మనిషి ఎదురుపడితే నోరు తెరిచి బుస కొడుతుంది, ఇంకా దగ్గరికి వస్తే మెడ చాచి కరుస్తుంది. జనం దాన్ని చూసేది ఎక్కువగా ఆ ఘడియలోనే కాబట్టి అదే దాని స్వభావం అనుకున్నారు.

ఈ భయం ఎంత దూరం తీసుకుపోతుందో జర్మనీలోని ఇర్సే అనే చిన్న ఊరు చూపించింది. 2013 ఆగస్టులో అక్కడి చెరువులో స్నానం చేస్తున్న ఎనిమిదేళ్ల బాలుడి కాలి మడమ నరం తెగింది. గాయం చూసిన నిపుణులు ఎవరో పెంచుకుని వదిలేసిన అలిగేటర్ స్నాపింగ్ తాబేలు పని కావచ్చన్నారు. అంతే, చెరువులో ఈత నిషేధించారు, చేపలను తరలించారు, నీళ్లన్నీ తోడించారు. అగ్నిమాపక సిబ్బంది బురదలో వెతికారు. పట్టిచ్చినవారికి బహుమతి కూడా ప్రకటించారు. ఎవరూ చూడని ఆ తాబేలుకు పత్రికలు లోటీ అని ముద్దుపేరు పెట్టాయి. చివరికి చెరువంతా ఎండగట్టినా తాబేలు దొరకలేదు. ఆ బాలుడి గాయం నిజం. దానికి కారణం తాబేలేనన్నది మాత్రం ఈనాటికీ రుజువు కాలేదు. ఊరు ఊరంతా ఒక వారంలో ఊహను వార్తగా, వార్తను జంతువుగా మార్చుకోగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇర్సేవాళ్ల అనుమానంలో మాత్రం ఒక అర్థవంతమైన అంశముంది. దూరదేశపు తాబేళ్లను కొనుక్కుని, పెద్దయ్యాక భరించలేక చెరువుల్లో వదిలేయడం నిజంగా జరుగుతోంది. జపాన్‌లోని చిబా ప్రాంతంలో ఇంబానుమా చెరువు చుట్టుపక్కల సాధారణ స్నాపింగ్ తాబేళ్లు అలాగే స్థిరపడి గుడ్లు పెట్టి పెరిగాయి. 2005లో ఆ దేశం వాటిని హానికర విదేశీ జాతుల జాబితాలో చేర్చింది. మన దగ్గర అదే పని ఎర్ర చెవి తాబేలు చేస్తోంది. కళ్ల వెనుక ఎర్ర చార ఉండే ఈ అమెరికా తాబేలును అక్వేరియం దుకాణాల్లో రూపాయి నాణెమంత పిల్లగా అమ్ముతారు. కొన్నేళ్లలో అది అన్నం పళ్లెమంత అవుతుంది. గువాహటిలో, పుణెలో, కేరళలోని త్రిస్సూర్‌లో చెరువులు, కాలువల్లో ఇప్పటికే కనిపించింది. చెన్నై, తిరుచ్చి విమానాశ్రయాల్లో సూట్‌కేసుల్లో వచ్చిన పిల్లలను వేల సంఖ్యలో పట్టుకున్నారు. దీని కాటుతో పెద్ద ప్రమాదం లేదు. మన తాబేళ్ల తిండిని, ఎండ కాగే చోట్లను అది ఆక్రమించడమే ప్రమాదం.

తాపీలో ఉన్నది ఎవరు?

అమ్రోలి రోడ్డు మీద కనిపించే తాబేలు చాలావరకు మన దేశపు రెక్క చిప్ప తాబేలే అయి ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో, వరి పొలాల కాలువల్లో ఉండేదీ ఇదే. కాబట్టి మగ్గాల పని మీద తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో పెద్దవాళ్లకు ఇది చిన్ననాటి నుంచి తెలిసిన జీవే. బోర్లించిన మూకుడులా నున్నటి, తోలు కప్పిన వీపు. గొట్టంలా సాగిన ముక్కు. నీటిలో ఒళ్లంతా దాచుకుని ఆ గొట్టం కొసను మాత్రం పైకి పెట్టి ఊపిరి పీలుస్తుంది. పెద్దదైనా మూరెడు దాటదు. పొట్ట వైపు చిప్ప వెనుక భాగంలో రెండు తోలు రెక్కలుంటాయి. వెనుక కాళ్లను లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నట్టు వాటిని మూసేసుకుంటుంది. అమెరికా స్నాపింగ్ తాబేలుకు లేని సౌకర్యం ఇదే. దాక్కోగలదు కాబట్టి కరవాల్సిన అవసరం దానికి తక్కువ. వేసవిలో చెరువు ఎండితే మట్టిలో కూరుకుపోయి నెలల తరబడి నిద్రపోతుంది, తొలకరికి లేచి కొత్త నీళ్లు వెతుక్కుంటూ నేల మీద నడుస్తుంది. వానాకాలంలోనే అది ఎక్కువగా రోడ్లెక్కడానికి కారణం అది.

దీనికి పెద్దన్నలాంటి మెత్తటి చిప్ప తాబేళ్లు ఉత్తర భారతపు నదుల్లో, మన గోదావరి, కృష్ణా వంటి దక్కన్ నదుల్లో ఉంటాయి. మెడ బాగా పొడవు. పక్క నుంచి పట్టుకున్నా, వెనక్కి తిప్పి చేతిని అందుకోగలవు. చేపలు పట్టేవారి వలల్లో చిక్కినప్పుడు వాళ్ల చేతులకు గాయాలయ్యేది ఇందువల్లే. మెత్తటి చిప్ప చూసి మెత్తటి జంతువు అనుకుంటే పొరపాటు. చిప్ప మెత్తనైన కొద్దీ మెడకూ నోటికీ పని ఎక్కువ. అయితే వీటి పక్కనే మనుషులు ఎలా బతికారో చెప్పే ఉదాహరణ కాశీలో ఉంది. 1980లలో గంగా ప్రక్షాళన పథకం కింద, నదిలో వదిలే శవాలను తినడానికని మెత్తటి చిప్ప తాబేళ్లను పెంచి వారణాసి దగ్గర గంగలో వదిలారు. 1989లో అక్కడ తాబేళ్ల అభయారణ్యం ఏర్పాటు చేశారు, 2020లో దాన్ని రద్దు చేశారు. ఆ పథకం నదిని ఎంత శుభ్రం చేసిందన్నది వాదించదగ్గ విషయమే. శవాలను తినే తాబేళ్లున్న ఆ నీళ్లలోనే రోజూ వేలాది మంది మునిగి లేచారన్నది మాత్రం వాదన అక్కరలేని విషయం.

సూరత్‌కు ఉత్తరాన ఉన్న వడోదరలో విశ్వామిత్రి నది మొసళ్లకు పేరు పొందింది. నీటి అంచున నిజంగా జాగ్రత్తపడాల్సిన జంతువు అంటే అదీ. మొసలిని చూసి పక్కకు తప్పుకునే జ్ఞానాన్ని తాబేలు మీద ఖర్చు చేయనక్కరలేదు.

తాబేలు వల్ల నదికి ఒనగూరేదేమిటన్న ప్రశ్నకు తాపీ ఒడ్డున సూటి సమాధానముంది. 1995లో సింగణ్‌పోర్ దగ్గర నదికి అడ్డంగా కాజ్‌వే కట్టారు. చలికాలంలో సీగల్ పక్షులకు జనం గాఠియా విసిరే చోటు అదే. దానికి ఎగువన, అమ్రోలి వైపు నిలిచే మంచినీరు నగరానికి తాగునీటి వనరు. చచ్చిన చేపలు, కుళ్లిన కళేబరాలు నీటిని పాడుచేసే లోపే వాటిని తినేసే జీవుల్లో తాబేళ్లు ముందుంటాయి. చచ్చిన చేపలున్న నీటిలో తాబేళ్లు ఉన్నచోట కళేబరాలు చాలా త్వరగా మాయమై, నీరు త్వరగా కోలుకుందని ఆస్ట్రేలియాలో జరిపిన ప్రయోగాల ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మన రెక్క చిప్ప తాబేలు నత్తలు, చేపలు, కప్పలు, నాచు, చచ్చిన జీవాలు, ఏది దొరికితే అది తింటుంది.

ఇంట్లోకి తెచ్చుకునే ప్రమాదం

ఇక రెండోరకం మనిషి సంగతి. తాబేలు ఇంట్లో ఉంటే కలిసివస్తుందన్న నమ్మకం సూరత్‌లోనూ ఉంది, హైదరాబాద్‌లోనూ ఉంది. కూర్మావతారానికి గుడి ఉన్న శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లను ఆలయంలో సంరక్షించడం తెలుగువారికి తెలిసిందే. గుడి వేరు, రెండు గదుల ఇల్లు వేరు.

తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. తాబేలుకు దానివల్ల ఏ జబ్బూ ఉండదు, చూడడానికి శుభ్రంగానే ఉంటుంది. దాని ఒంటి మీదికి, అది ఉన్న తొట్టి నీళ్లలోకి ఆ బ్యాక్టీరియా వస్తుంది. తాబేలును పట్టుకున్న పిల్లవాడు చేయి నోట్లో పెట్టుకుంటే జ్వరం, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఐదేళ్లలోపు పిల్లలకు, ముసలివారికి, గర్భిణులకు ఇది ప్రాణాంతకం కూడా కావచ్చు. అమెరికాలో ఇలాంటి జబ్బులు ఎంతగా పెరిగాయంటే, 1975లో చిప్ప పొడవు 4 అంగుళాల కంటే తక్కువ ఉన్న తాబేళ్ల అమ్మకాన్నే నిషేధించారు. చిన్న తాబేళ్లే ఎందుకు? పిల్లలు ముద్దు పెట్టుకునేది, నోట్లో పెట్టుకోగలిగేది వాటినే కాబట్టి. ఆ ఒక్క నిషేధం వల్ల ఏటా లక్ష మంది పిల్లలు జబ్బు పడకుండా తప్పిందని అక్కడి ఆరోగ్య సంస్థల అంచనా. అంటే తాబేళ్ల ప్రపంచంలో మనిషికి ఎక్కువ హాని చేసింది 80 కిలోల రాక్షసి కాదు, అరచేతిలో ఇమిడే పిల్ల తాబేలు.

చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోదు. రెక్క చిప్ప తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. 2022 సవరణ తర్వాత నక్షత్ర తాబేలు కూడా అదే షెడ్యూలులోకి వచ్చింది. వీటిని పట్టుకున్నా, ఇంట్లో పెంచుకున్నా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. అయినా మాంసం కోసం గోదావరి జిల్లాల నుంచి ఒడిశా వైపు బస్తాల్లో తరలిస్తూ పట్టుబడ్డ తాబేళ్ల వార్తలు ఆగడం లేదు. స్నాపింగ్ తాబేళ్ల రెండు రకాలనూ 2022 నవంబరులో పనామాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు వన్యప్రాణి వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చింది. అలాంటి విదేశీ జీవులను పెంచుకునేవారు వాటిని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో మన దేశంలో నిబంధనలు వచ్చాయి. దుకాణదారు చెప్పని విషయం ఇది.

కరిస్తే ఏం చేయాలి?

తాబేలు పట్టు వదలకపోతే చేతిని గుంజకూడదు. గుంజితే గాయం చీలుతుంది. కరిచిన చేతితో సహా దాన్ని బకెట్టు నీళ్లలోకి దించి కదలకుండా ఉంటే సాధారణంగా కొద్దిసేపట్లోనే వదిలేస్తుంది. నిప్పు చూపించడం, తల మీద కొట్టడం పనికిరావు, నొప్పికి అది ఇంకా బిగిస్తుంది. వదిలాక గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దకూడదు. మురికి నీటి గాయం కాబట్టి ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగాలి. మంచినీటి జంతువుల నోళ్లలో ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి వాచినా, చీము పట్టినా ఆలస్యం చేయకూడదు. తాబేలుకు విషం లేదు, కాబట్టి విషం దించే మంత్రం, మందు, ఇంజెక్షను ఏవీ అక్కర్లేదు. రేబిస్ పాలిచ్చే జంతువులకు వచ్చే వ్యాధి. తాబేలు కాటుకు కుక్కకాటు ఇంజెక్షన్ల అవసరం ఉండదు.

రోడ్డు మీద తాబేలు కనిపించి, వాహనాల కింద పడే ప్రమాదం లేకపోతే దాని దారిన దాన్ని పోనివ్వడమే మేలు. ప్రమాదం ఉంటే ఒక టబ్బును గానీ ప్లాస్టిక్ బుట్టను గానీ దాని మీద బోర్లించి, కింద అట్టముక్క తోసి ఎత్తవచ్చు. తోక పట్టి ఎత్తితే వెన్నెముక దెబ్బతింటుంది. చిప్పను రెండు పక్కల నుంచి పట్టుకుంటే మెడ తిప్పి కరుస్తుంది. గుజరాత్‌లో గాయపడ్డ జంతువుల కోసం 1962 నంబరుకు ఫోన్ చేస్తే కరుణా అంబులెన్స్ వస్తుంది. అటవీ శాఖకు చెప్పినా సరే. గాయం లేని తాబేలును దొరికిన చోటికి దగ్గరలోనే, అది వెళ్తున్న దిక్కున ఉన్న నీటి దగ్గర వదలాలి. దూరం తీసుకెళ్లి వదిలితే తన చోటు వెతుక్కుంటూ మళ్లీ రోడ్లు దాటుతుంది.

వదిలే ముందు ఒక్కసారి దాని పాదాలు చూడాలి. వేళ్ల మధ్య బాతుకు ఉన్నట్టు పొర ఉంటే అది నీటి తాబేలు. పాదాలు చిన్న ఏనుగు కాళ్లలా మొద్దుగా ఉండి, చిప్ప ఎత్తుగా గుమ్మటంలా, పసుపు గీతల నక్షత్రాలతో ఉంటే అది నేల మీద బతికే నక్షత్ర తాబేలు. దానికి ఈత రాదు. తాబేలంటే నీళ్లేనని పుణ్యం కోసం దాన్ని తాపీలో విడిచిపెడితే మునిగి చనిపోతుంది.